వంకర చిటికెనవేలు

మ్యూజియం అధికారిగారికి ఎముకలు కడిగే మనిషి చేసుకుంటున్న మనవి.

అన్నయ్యా అని రాయడం లేదు. మొన్న డైరెక్టరుగారు నన్ను చూసి "ఈవిడెవరండీ?" అంటే, "ఎవరో లెండి, ఎముకలు కడుగుతుంది" అన్నారు మీరు. గబ్బిలం రెక్క చేతిలో పట్టుకుని నేనక్కడే ఉన్నాను.

మీరు చెప్పినట్టే గాజుపెట్టె సిద్ధం చేశాను. గబ్బిలం రెక్క, డాల్ఫిన్ ముందు రెక్క, పిల్లి ముంగాలు వరసగా తీగతో కట్టాను. ఒకటి ఎగరడానికి, ఒకటి ఈదడానికి, ఒకటి నడవడానికి. అయినా అన్నిట్లోనూ పైన ఒక ఎముక, దాని కింద రెండు, ఆ తర్వాత మణికట్టు, వేళ్లు. "పనులు వేరైనా కట్టు ఒకటే, కాబట్టి వీటి వంశం ఒకటే" అని రేపు ప్రారంభోత్సవంలో మీరు చెబుతారు. ఆ మాట అద్దం ముందు నిలబడి వల్లె వేస్తున్నారని వదిన చెప్పింది.

మనిషి చేతి కోసం మీ ఎక్స్‌రే ఇచ్చారు కదా, అదీ పెట్టాను. పక్కనే నాదీ పెట్టాను. రెండిట్లోనూ చిటికెనవేలు ఒకేలా లోపలికి వంగి ఉంది, అచ్చం నాన్నకున్నట్టే. ఒకదాని కింద 'అధికారి' అనీ, రెండోదాని కింద 'ఎముకలు కడిగే మనిషి' అనీ చీటీలు అంటించాను. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి డైరెక్టరుగారికే ఇచ్చేశాను.

చుట్టరికం ఎముకల్లో ఎలా కనిపెట్టాలో రేపు అందరికీ విడమరిచి చెప్పండి. నేను ముందు వరసలోనే కూర్చుంటాను.

ఇట్లు,
ఎవరో