కాగితం మీద ఎర్ర చుక్క

అక్కా, నిక్షేపంగా ఉన్నాను, ఏడుపు ఆపు. నా రక్తపరీక్ష కాగితంలో కళ్ళు పచ్చబరిచే బిలిరుబిన్ పక్కన ఎర్ర చుక్క చూసి బావ నన్ను తాగుబోతుని చేసేశాడట! మా కార్మికుల కోసం రెండు రోజులు నిరాహారదీక్ష చేసి, తిన్నగా వెళ్ళి పరీక్షకు రక్తమిచ్చాను. డాక్టరమ్మ నవ్వింది: "పస్తుంటే కొందరికిది కాస్త పెరుగుతుంది సార్, లివరు బాగానే ఉంది. తిని రండి." తిని మళ్ళీ చేయిస్తే దిగింది. ఏ పరీక్షలోనైనా ఆరోగ్యవంతుల్లోనే వందకు నలుగురైదుగురు మామూలు హద్దు గీత దాటతారట. ఆ ముక్క కూడా అచ్చేస్తే ఆ ల్యాబు వాళ్ళ సొమ్మేం పోతుంది?

ఇది వంశపారంపర్యంగా వస్తుందట. జ్వరమొచ్చినప్పుడల్లా నాన్న కళ్ళు పచ్చబడేవి కదా, అమ్మనడిగి రాయి. ఆయన్నీ తాగుబోతనే అన్నారు. కాదని చూపించడానికి ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు.

బావకు చీవాట్లు. అమ్మకు దండాలు, ఈ కార్డు చదివి వినిపించు.

నీ తమ్ముడు