వేలు లేపమని అడగలేదు

లేడీస్ హాస్టల్, నాగర్‌కర్నూల్
16 నవంబర్ 2025

ఊరంతా డాక్టర్ సాబ్ అని పిలుచుకునే చంద్రశేఖర్ గారికి,

మాసయ్య కూతురు, మెడిసిన్ రెండో సంవత్సరం చదువుతున్న శిల్ప నమస్కరించి రాస్తున్నది. మీరూ, మీ సూదులూ, మీ గ్లూకోజు సీసాలూ క్షేమమని తలుస్తాను. మా నాయిన క్షేమంగా లేడు.

జూలైలో పత్తిచేనుకు నీళ్లు మలుపుతుంటే ఆయన పాదం మీద పార దిగింది. మీరు నాలుగు కుట్లు వేశారు. అందంగానే వేశారు. మా అత్త గోనెసంచి మూతి అంతే అందంగా కుడుతుంది, కానీ డాక్టర్‌నని చెప్పుకోదు.

పాదం పైన చర్మం కింద తాడులా తగిలేది ఒకటుంటుంది. కాలి ముందువైపు కండరం నుంచి దిగి, చీలమండ ముందు నుంచి బొటనవేలి కొసకు పోతుంది. ఆ వేలిని పైకి లేపేది అదే. అక్కడ తెగితే అడగాల్సింది ఒక్కటే: వేలు లేపు అని. దానికి మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నోరుంటే చాలు. మీకు నోరు బాగానే ఉంది. వేలు లేస్తలేదని నాయిన మళ్లీ వస్తే, "ఏంది మాసయ్యా, కాలి వేలుతోని ఏం జేస్తవ్, వేలిముద్ర ఏస్తవా?" అన్నారట. కూర్చున్నవాళ్లంతా నవ్వారట.

ఏం చేస్తాడో చెబుతాను. నడుస్తాడు. ఇప్పుడా వేలు కిందికి వాలి, గడ్డికీ గడపకూ తట్టుకుంటోంది. పుట్టినప్పటి నుంచి చుక్క మందు ముట్టని మనిషి చర్చి మెట్ల మీద పడితే, పొద్దుగాల్నే తాగొచ్చిండన్నారు. ఆ ఆదివారం నుంచి ఆయన చర్చికి పోలేదు.

మొన్న మా కాలేజీ ఆస్పత్రిలో చూపించాను. తెగిన తాడు కొస పైకి జరిగిపోయిందట. మొదటి వారంలో వస్తే రెండు కొసలూ కలిపి కుట్టేవాళ్లమనీ, ఇప్పుడు వేరేచోటి నుంచి తీసి అతకాలనీ, వేలు మునుపటిలా లేస్తుందని మాట ఇవ్వలేననీ సర్జన్ అన్నారు. గురువారం ఆపరేషన్.

మీ మీద ఫిర్యాదు పెట్టను. మీరు పోతే ఊళ్లో జ్వరానికి కూడా దిక్కుండదు. నాకు అన్నిటికంటే రోత పుట్టించేది అదే. ఇకమీదట పాదం తెగి ఎవరొచ్చినా వేలు లేపమనండి.

ఇట్లు,
మిమ్మల్ని గౌరవించలేని
శిల్ప

తా.క.: ఫిర్యాదు పెట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. గాయమైన మూడో రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అంతకు నెల ముందే పరీక్షలో ఆ తాడు బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నాయిన మొదట అడిగింది నన్నే. "బిడ్డా, వేలు లేస్తలేదు, జర చూడు" అన్నాడు. కట్టు కూడా విప్పకుండా, వాపు దిగితే అదే లేస్తది అన్నాను. ఎవరెవరు చూశారని సర్జన్ అడిగితే, నాయిన మీ ఒక్కరి పేరే చెప్పాడు.