నీలం వదలని గుడ్డ

బాపూ,

ఇన్నేళ్లు బ్యాంకు గేటు దగ్గర నీ భుజాన ఉన్న రైఫిల్‌ను ఇవాళ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. లైసెన్సు నీ పేరు మీదిది కాబట్టి, నువ్వు పోయాక ఇంట్లో ఉంచుకోకూడదట. మురికి గొట్టంతో ఇస్తే నీకు నచ్చదని పొద్దున్నే అవ్వా నేనూ బెల్లంపల్లి ఇంటి వరండాలో చాప పరుచుకున్నాం.

తూటా మీది రాగి, తుపాకీ గొట్టం లోపల పొరలా అంటుకుంటుందని, ఘాటు మందులో తడిపిన గుడ్డ తోస్తే అది నీలంగా బయటికి వస్తుందని నువ్వే నేర్పావు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపొద్దన్నావు. గుడ్డను గొట్టంలోకి తోసే కడ్డీకి ఉండే ప్లాస్టిక్ మొన విరిగిపోయింది, పాత ఇత్తడి మొన బిగించాను. అవ్వ నీ లుంగీ చింపి ముక్కలు అందించింది.

ఎన్ని తోసినా నీలమే. మధ్యాహ్నమైంది.

"ఇగ పోదమా అవ్వా, స్టేషన్ల ఎదురుచూస్తుంటరు" అన్నాను.

అవ్వ గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. "ఇంక నీలమే ఉన్నది బిడ్డా. గిట్ల ఇస్తే మీ బాపు పేరు ఖరాబైతది. రేపు ఇద్దం తీ."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మందు ఇత్తడిలోని రాగిని కూడా కరిగిస్తుంది. గొట్టం ఎప్పుడో శుభ్రమైంది, నీలం వస్తున్నది కడ్డీ మొన నుంచి. చెప్పబోయి ఆగాను. నీతో కాపురం చేస్తూ, నీ పక్కన కూర్చుని ఇన్నేళ్లు గుడ్డలు అందించిన మనిషికి ఆ సంగతి తెలియదంటావా?

రైఫిల్‌ను మళ్లీ బీరువాలో పెట్టాం. కడ్డీకి ఇత్తడి మొనను అలాగే ఉంచాను.