రెండో విసనకర్ర

ఏమండీ,

ఇవాళ మీ ఆబ్దికానికి మీ తమ్ముడు విసనకర్ర పట్టుకుని వచ్చాడు. మీకొచ్చిన ప్రొస్టేట్ క్యాన్సరే అతనికీ వచ్చింది. మీలా సిగ్గుపడి దాచలేదు, మూత్రం ఇబ్బంది మొదలవగానే నాతో చెప్పాడు. హార్మోను ఇంజెక్షన్లతో గడ్డను కుదించి, కోత లేకుండా అల్ట్రాసౌండ్ తరంగాలతో కాల్చారు. మొన్నటి పరీక్షలన్నీ బాగున్నాయి. ఇంజెక్షన్ల వేడి మాత్రం ఇంకా దిగలేదు.

“వదినా, ఉడికిపోతన్నాను. సింహాచలం అప్పన్నకైతే సందనం పూత్తారు, నాకేటి పూత్తావు?”

“నాకు ముట్లుడిగి ఇలాగే ఆవిర్లొస్తే అన్నదమ్ములిద్దరూ ఇకిలించారు కదయ్యా! ఇసురుకో.”

విసురుకుంటూనే నాలుగు గారెలు తిన్నాడు. ఇక ఇతనికేం ఢోకా లేదు.

మీరూ ఆ సిగ్గు నా దగ్గరైనా విడిచి ఉంటే, ఇవాళ మన వసారాలో రెండు విసనకర్రలు ఊగేవి.