వెనక వసారాలో నిలబడిన జిక్కె విషయమై

1998 నవంబరు 11, బుధవారం
ఓవర్‌వెగ్, మిషిగన్

శ్రీయుత హార్మన్ పోస్ట్మా గారి సముఖమునకు,
కార్యదర్శి, పెద్దల సభ, రెండవ రిఫార్మ్డ్ సంఘం.

అయ్యా,

విషయం: మా నాయనమ్మ కీర్తిశేషురాలు హిల్కె బౌమా గారి అంత్యారాధనలో (రాబోయే శనివారం, ఉదయం పదకొండు గంటలకు) బైబిలు కొత్త అనువాదం నుంచి ఒకే ఒక్క వాక్యం చదువుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: (అ) గత జనవరిలో సభవారు చేసిన తీర్మానం. (ఆ) నిన్న సాయంత్రం తమ విత్తనాల దుకాణంలో తమరు నోటిమాటగా తెలిపిన నిరాకరణ.

1. నేను ఈ సంఘ సభ్యురాలిని. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతూ, నిరుటి నుంచి గ్రీకు భాష నేర్చుకుంటున్నాను. చిన్నప్పుడు ఆరేళ్ల పాటు ప్రతి బుధవారం తమరి దగ్గరే ప్రశ్నోత్తర పాఠం అప్పజెప్పిన దానిని. కనుక నన్ను కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదని తలుస్తాను.

2. అపొస్తలుడు సంఘాన్ని ‘సహోదరులారా’ అని పిలిచిన చోటల్లా కొత్త అనువాదంలో ‘సహోదరులారా, సహోదరీలారా’ అని అచ్చువేశారు. ఆ పుస్తకాన్ని ఆరాధనలో చదవకూడదని సభవారు ఐదు ఓట్లకు ఆరు ఓట్ల ఆధిక్యంతో తీర్మానించారు. ఆ తీర్మానాన్ని నేను గౌరవిస్తున్నాను. అయితే అందులో ఒక వాక్యం ఉంది: “పాత మాట వల్ల తాను బయట ఉండిపోయినట్టు మన సంఘంలోని ఏ స్త్రీయూ ఇంతవరకు చెప్పియుండలేదు.” ఈ వాక్యం నిజం కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. మా నాయనమ్మ ఆ సంగతి అరవై ఏడేళ్లు చెప్పింది. నాలుగో వరుసలో నిలబడి చెప్పింది. నోరు మూసుకుని చెప్పింది.

3. సంఘమంతా కలిసి వాక్యం చదివేటప్పుడు, ఆ మాట రాగానే మా బెప్పె (నాయనమ్మను మేము అలాగే పిలుస్తాము) ఒక ఊపిరి సేపు ఆగిపోయేది. ఆ తరువాత అందరినీ అందుకునేది. డచ్చిలో చదివిన రోజుల్లోనూ ఆగింది, ఇంగ్లీషులోకి మారాకా ఆగింది. పక్కనున్నవాళ్లు ఆమె కోసం ఆగడం అలవాటు చేసుకోగా, కొన్నేళ్లకు నాలుగో వరుస మొత్తం మిగతా సంఘం కంటే ఒక ఊపిరి వెనకబడి చదివేది. ఇది తమరికి తెలుసు. నిన్న నేను ఈ మాటే ఎత్తితే తమరు నవ్వారు. “అమ్మాయ్, ఆవిడ ఆగింది దవడలో పిప్పరమెంటు బిళ్ల సర్దుకోడానికి. ప్రసంగానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. లోకమంతా ఎరిగిందే” అన్నారు. నాకూ నవ్వు వచ్చింది. మొన్న సెప్టెంబరు దాకా నేనూ అది బిళ్ల వల్లనో, ఆయాసం వల్లనో అనుకున్నాను.

4. సెప్టెంబరులో నేను గ్రీకు పుస్తకం చంకన పెట్టుకుని ఆమె వంటింటికి వెళ్లి, ఆ మాటకు మూలంలో ఉన్న పదం మగవాళ్లనూ పిలవగలదు, ఆడామగా కలిసిన గుంపునూ పిలవగలదు అని గొప్పగా చెప్పాను. బెప్పె చేతిలో సగం చెక్కు తీసిన బంగాళాదుంప ఉంది. దాన్ని కింద పెట్టి ఈ క్రింది సంగతి చెప్పింది.

భోజనమయ్యాక ఇంటి పెద్ద ఒక అధ్యాయం చదవడం, చదువుతూ చదువుతూ ఠక్కున ఆగి పిల్లల్లో ఒకరిని ‘ఆఖరి మాట ఏమిటి?’ అని అడగడం మన ఇళ్లన్నిటిలోనూ ఉన్నదే. 1931 డిసెంబరులో ఒక మధ్యాహ్నం బెప్పె తండ్రి పునరుత్థానం గురించిన అధ్యాయం చివరకు వచ్చి, ‘నా ప్రియ సహోదరులారా’ అన్నచోట ఆగి, పెద్దకూతురు జిక్కెను అడిగాడు. జిక్కెకు పదేళ్లు.

“సహోదరులారా, సహోదరీలారా” అంది జిక్కె.

తండ్రి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. వాక్యానికి మాట కలపడం ఎంత పాపమో ఆయన వివరించాడు. మూడోసారి అడిగాడు. “మేమూ ఇక్కడే కూచున్నాం కదా నాన్నా” అంది. ఉన్న మాట ఉన్నట్టు చెప్పేదాకా వెనక వసారాలో నిలబడమని పంపి తలుపు వేశాడు. బయట మంచు పడుతోంది. తర్వాత అదే ప్రశ్న ఎనిమిదేళ్ల చెల్లెల్ని అడిగాడు.

ఆ చెల్లెలు మా బెప్పె. మిగిలింది ఆమె మాటల్లోనే రాస్తున్నాను:

“నేను ఒక్క మాటే చెప్పానే. నాకు మజ్జిగ గంజి వడ్డించారు, పైన చెరుకు పాకం పోసి. జిక్కె తలుపు అద్దంలోంచి చూస్తోంది. నేను గిన్నె ఖాళీ చేశాను.”

జిక్కె చివరిదాకా ఆ ఒక్క మాట చెప్పలేదు. వాళ్ల అమ్మే వెళ్లి లోపలికి తెచ్చుకుంది. ఫిబ్రవరిలో జిక్కె గొంతు జబ్బుతో పోయింది. ఆ చలికీ ఈ జబ్బుకీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడట. బెప్పె ఆయన మాట కాదనలేదు, నమ్మనూ లేదు. తండ్రి మాత్రం ఆ తరువాత ఎన్నడూ ఎవరినీ ఆఖరి మాట అడగలేదు.

5. గత ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రిలో నేను బెప్పెకు అదే అధ్యాయం కొత్త అనువాదంలో చదివాను. అది ఆరాధన కాదు గనుక తీర్మానం వర్తించదని నా అభిప్రాయం. తప్పయితే శిక్షకు సిద్ధంగా ఉన్నాను. రెండు రోజులుగా ఆమె కళ్లు తెరవలేదు. ‘సహోదరులారా’ అని, అలవాటు కొద్దీ ఆమె ఊపిరి కోసం ఆగి, అచ్చులో ఉన్న రెండో మాట కూడా చదివాను. బెప్పె కళ్లు తెరిచింది. నన్ను చూడలేదు. నా వెనకున్న తలుపు వైపు చూసింది.

“జిక్కె లోపలికొచ్చిందా?” అంది.

“వచ్చింది, బెప్పె” అన్నాను.

“అయితే తలుపు వెయ్యి. చలేస్తోంది దానికి.”

వెళ్లి తలుపు వేశాను. సోమవారం తెల్లవారేసరికి ఆమె పోయింది.

6. నిన్న మధ్యాహ్నం మా నాన్న భోజనాల బల్ల దగ్గర పాత బైబిలు చదువుతూ ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆగినట్టు ఆయనకే తెలియదు. గాలికి కాబోలు, వెనక తలుపు గడియ చిన్నగా కదిలింది. మేమెవ్వరమూ లేచి తలుపు తీయలేదు. ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు. అందుకే చీకటి పడక ముందే తమ దుకాణానికి పరుగెత్తాను.

7. తమరి అభ్యంతరం తేలికైనది కాదని ఒప్పుకుంటున్నాను. “కాలేజీకి వెళ్లి ఏడాదిన్నర కాలేదు, అపొస్తలుడికి అక్షరాలు దిద్దబెడతావా?” అని ఎగతాళి చేశాక, తమరు గొంతు తగ్గించి, “రెనా, ఈ వేళ మన దుఃఖం కోసం ఒక మాట కలిపితే, రేపు ఇంకొకరి కోపం కోసం ఒక మాట తీసేస్తారు. అప్పుడు నేనేమని ఆపను?” అన్నారు. దీనికి జవాబుగా పదాల పుట్టుపూర్వోత్తరాలతో ఆరు పేజీల వాదన రాసి ఈ అర్జీకి జతపరచాలనుకున్నాను. రాస్తున్నంతసేపూ ఎంతో సంతోషంగా ఉంది. ఆ సంతోషానికే సిగ్గుపడి దాన్ని ఉపసంహరించుకుంటున్నాను. శనివారం జరగవలసిన పనికి ఆ పేజీలు పనికిరావు.

8. కాబట్టి నా ప్రార్థన ఏమనగా: పాస్టరు గారు పునరుత్థాన అధ్యాయం చివరనున్న ఆ ఒక్క వాక్యాన్ని కొత్త అనువాదం నుంచి చదువుటకు, ఈ ఒక్క పర్యాయానికి, సభవారు అనుమతి ఇవ్వాలి. అది వీలుపడని పక్షంలో పాత పుస్తకమే చదవనివ్వండి. అయితే ‘సహోదరులారా’ అన్నాక ఒక ఊపిరి సేపు ఆగమని పాస్టరు గారికి తమరు చెప్పాలి. ఆ ఆగడానికి తీర్మానం అడ్డురాదు. సూచిక (అ)ని పదకొండుసార్లు చదివి చూసుకున్నాను.

ఈ మనవిని తమరు శుక్రవారం లోగా చిత్తగించి, అవునో కాదో ఒక్క మాట పంపగలరని వేడుకుంటూ,

తమ విధేయురాలు, తమ పాత విద్యార్థిని,
రెనా బౌమా

తా.క. పోస్ట్మా గారూ, పై రెండూ కాదన్నా నేను మళ్లీ అర్జీ పెట్టను. ఇంకొక్కటి అడుగుతాను. ఇది సభకు చెప్పనక్కర్లేదు, చర్చి తాళాలు తమరి దగ్గరే ఉంటాయి కదా. శనివారం మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. వాక్యం చదివేంత సేపు నాలుగో వరుస పక్కనున్న తలుపు తెరిచి ఉంచండి. పెద్దవాళ్లు చలని గొణిగితే నా పేరు చెప్పండి. నేను ఆ తలుపు పక్కనే కూర్చుంటాను. చదవడం అయ్యాక నేనే వేస్తాను.