గంట మోగని గోలీ

మా అవ్వ యాందేని పోయిన ఓట్లప్పుడు మీరు ఓటర్ల వరస ముందు దొంగని చేశారు, సాన్యాంగ్ గారూ. ఆవిడ ఓటు కాగితం బదులు ఇచ్చే గోలీని తన అభ్యర్థి డ్రమ్ములో వేసింది. ఓటు పడిందని చెప్పే లోపలి గంట మోగలేదు. వెంటనే మీరు, "సెరేర్లు గోలీలు కూడా మింగేస్తారు, తలగుడ్డ దులుపవే ముసలీ" అన్నారు. వరసంతా నవ్వింది.

మీ జోలా తెగకీ మా సెరేర్ తెగకీ తాతల నాటి నుంచి వేళాకోళం వరస ఉంది. పెళ్ళిలో అనండి, చేపల రేవులో అనండి, నేనూ నాలుగు అంటాను. అవ్వ కూడా, "మీ జోలాల కల్లు కంటే గోలీయే రుచిరా" అని నవ్వుతూనే తలగుడ్డ దులిపింది. కానీ అప్పుడు మీరు ఎన్నికల అధికారి. ఆ కుర్చీలోంచి వచ్చిన వేళాకోళం నింద అవుతుంది.

సాయంత్రం గోలీలు పళ్ళెంలో పోస్తే ఓటేసిన వాళ్ళ లెక్కకి సరిపోయాయి, అవ్వ గోలీ అందులోనే ఉంది. ఆ సంగతి మీరెవరికీ చెప్పలేదు. రేవులో ఇప్పటికీ ఆవిడని గోలీలు మింగిన అవ్వ అంటున్నారు. నోరెత్తితే జైలన్న రోజుల్లో కూడా వెళ్ళి ఓటేసిన మనిషి, "ఇక ఆ డ్రమ్ము దగ్గరికి పోనురా" అంటోంది. వచ్చే నెల మళ్ళీ ఓట్లు.

శుక్రవారం నమాజయ్యాక, తప్పు ఒప్పుకునేవాళ్ళు తెచ్చే కోలా కాయలు పట్టుకుని మా వాకిట్లోకి రండి. నవ్విన వాళ్ళని నేను పిలుస్తాను. వాళ్ళ ముందు అవ్వకి క్షమాపణ చెప్పండి. వస్తారో రారో బుధవారంలోగా జవాబు రాయండి.