బెలూన్ పడ్డ చేను

27 జూలై 2025, ఆదివారం

కడప నుంచి బనగానపల్లెకు బస్సు. అక్కణ్ణుంచి సున్నపుమెట్టకు ఆటో. నడుం విరిగింది. పోనీ, మనిషి దొరికింది.

ముందు కోపం రాసుకోవాలి, లేకపోతే పని సాగదు. అంతరిక్ష చరిత్ర అంటే మనవాళ్లకు కౌంట్‌డౌన్, పొగ, చప్పట్లు. లాంచ్‌కు ముందు రాకెట్ బొమ్మను దేవుడి పాదాల దగ్గర పెట్టడం. తుంబాలో రాకెట్ భాగాన్ని సైకిల్ మీద తీసుకెళ్తున్న ఆ పాత ఫోటోను ప్రతి వెధవా షేర్ చేస్తాడు. సైకిల్ తోస్తున్న మనిషి పేరేమిటని ఒక్కడూ అడగడు. నా ఛానల్ ఆ ప్రశ్న కోసమే పెట్టాను. చూసేవాళ్లు లేరు. కోమటోళ్ల కొడుకు అంగట్లో కూర్చోకుండా చంద్రుడి వెంట పడ్డాడని మా బంధువులు ఇరవై ఏళ్లుగా నవ్వుతున్నారు. నవ్వనీ.

ఇప్పుడు తీస్తున్నది బెలూన్ల మీద. రాకెట్ల కంటే ముందు నుంచీ, ఆ తర్వాతా, హైదరాబాద్‌లో పరిశోధన బెలూన్లు ఎగరేస్తూనే ఉన్నారు. 1984లో ఒకటి గాలికి కొట్టుకొచ్చి సున్నపుమెట్టలో శేషన్న వేరుశనగ చేలో దిగింది. కింద కాస్మిక్ కిరణాలు కొలిచే పెట్టె. పైన చేనంత పొడవు పల్చటి ప్లాస్టిక్ కాగితం. మొదట చూసింది ఆ చేలో కూలికి పోయే ఏసేపు. పెట్టె జోలికి పోలేదు. కాగితం మాత్రం కోసుకెళ్లి, వానకు కురుస్తున్న చర్చి కప్పు మీద పరిచాడు. నా చేలో పడింది నాదేనని శేషన్న అతన్ని బండి చక్రానికి కట్టి చెర్నాకోలతో కొట్టాడు. తర్వాత జీపులో ఆఫీసర్లు వచ్చారు, పెట్టెను భద్రంగా ఉంచినందుకు శేషన్నతో ఫోటో దిగి వెళ్లారు. ఏసేపు చనిపోయేదాకా కుంటుతూనే నడిచాడు.

ఇదంతా చెప్పింది అతని భార్య విశ్వాసమ్మ. చర్చి మెట్ల మీద, తలమీద కొంగు కప్పుకుని, నిలబడి. కూర్చోండమ్మా అంటే, సాక్ష్యం కూసోని చెప్పేది కాదు సారూ అంది.

దెబ్బల సంగతి అయ్యాక, అప్పుడు దేవుడు శేషన్న గుండె కరిగించినాడు అని అందుకుంది. సరిగ్గా అప్పుడే నా ఫోన్. రాకెట్ పూజల మీద నేను పెట్టిన పోస్టుకు గ్రూపులో ఎవడో రెచ్చిపోయాడు. బయటికి పోయి చాలాసేపు వాదించాను. గెలిచాను. తిరిగొచ్చేసరికి ఆమెన్ అంటున్నారు. కెమెరా పట్టుకున్న ప్రేమజ్యోతి కళ్లు తుడుచుకుంటోంది. మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పని చేస్తుంది. తనూ చర్చి మనిషే. ఆ కన్నీళ్లను భక్తి ఖాతాలో వేశాను.

30 జూలై, బుధవారం

ఎడిట్. విశ్వాసమ్మ మాటల్ని దేవుడి దగ్గరికి రాకముందే కట్ చేశాను. దెబ్బల దగ్గర ఆపితే తెర మండుతుంది. తర్వాతిది కూడా ఒకసారి వినండి సార్ అంది ప్రేమజ్యోతి. ప్రార్థనలు వినడానికి నేను ఫిల్ములు తీయడం లేదన్నాను. ఇంకోసారి అడగలేదు.

రేపు కర్నూలులో రిటైర్డ్ సైన్సు మాస్టారి ఇంటర్వ్యూ. కెమెరాకు మాకున్నది ఒకే ఒక్క మెమరీ కార్డు. అవసరం లేనిదంతా తుడిచేశాను.

5 ఆగస్టు, మంగళవారం

తొలి ప్రదర్శన హాల్లో కాదు. 23వ తేదీన, జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు, సున్నపుమెట్ట చర్చి ముందు. ఎవరి వీపు మీద ఈ చరిత్ర రాశారో వాళ్ల ఎదుటే చూపిస్తాను. కరపత్రం పంచాం.

సాయంత్రానికే రంగనాథ్ ఫోన్. శేషన్న మనవడు. వచ్చే సర్పంచి ఎన్నికల్లో నిలబడతాడట. ముందుగాల మాకొకసారి చూపిస్తే బాగుంటాది సార్ అన్నాడు. చాలా మర్యాదగా. ఆ మర్యాదే నాకు నచ్చలేదు. వస్తానన్నాను. చూసి వణకనీ.

8 ఆగస్టు, శుక్రవారం

వణకలేదు.

వాళ్ల ఇంట్లో గోడమీద ఆఫీసర్లతో శేషన్న దిగిన ఫోటో. దాని కింద ల్యాప్‌టాప్ పెట్టి చూపించాను. ముసలి శేషన్న వసారాలో పడక్కుర్చీలోనే ఉన్నాడు, లోపలికి రాలేదు. నేను చట్టాలూ సెక్షన్లూ నోటికి పట్టుకుని వెళ్లాను. అయిపోగానే రంగనాథ్ నా చేయి పట్టుకుని ఊపాడు. శానా బాగా తీసినారు సార్, ఇట్లే ఉంచండి, ఒక్క ముక్క కూడా మార్చొద్దు అన్నాడు. మీ తాత మనిషిని చక్రానికి కట్టి కొట్టాడయ్యా అన్నాను. ఆ కాలం అట్లుండె సార్, అప్పుడు యాడ కొట్టలేదు చెప్పండి, కొట్టినాడంటే జనానికి మా ఇంటిమీద బయమే గానీ చులకన లేదు గదా అన్నాడు. కరెంటు, కుర్చీలు తనే ఏర్పాటు చేస్తాడట. కాఫీ ఇచ్చారు. తాగాను.

శత్రువు మెచ్చుకున్నాడంటే నా ఫిల్ములో ఎక్కడో తప్పుంది.

9 ఆగస్టు

ఎక్కడ?

10 ఆగస్టు, ఆదివారం

ల్యాప్‌టాప్ మోసుకుని విశ్వాసమ్మ దగ్గరికి పోయాం. కొడుకు ఏసుబాబు కూడా ఉన్నాడు. శేషన్న వాళ్ల మామిడి తోట కౌలుకు చేస్తున్నాడు.

చూసింది. తక్కింది ఏదీ అంది. అంతేనమ్మా అన్నాను.

అబద్ధ సాక్ష్యం పలకద్దని ఆజ్ఞ ఉండాది సారూ, నువ్వు నా నోటితోనే పలికించినావే అంది. నేను ఊరుకుంటానా. మీరనని మాట ఒక్కటి కూడా అందులో లేదని వాదించాను. సగం చెప్తే అబద్ధం గాక మీ కడపలో ఏమంటారప్పా అని అడిగింది. దెబ్బలు తిన్న కథ ఈడ ప్రతి ఇంట్లో ఉండాది, దాన్ని చెప్పేకి నేను కొంగు కప్పుకొని నిలబడల్నా అంది. చేటలో బియ్యం పోసుకుని ఏరుకుంటూ కూర్చుంది.

మిగతా సగం తిరుగు ప్రయాణంలో బస్సులో ప్రేమజ్యోతి చెప్పింది. ఆ రోజు కెమెరా వెనక తాను విన్నది.

ఏసేపును కొట్టాక, చర్చి చుట్టూ ఉన్న కూలోళ్ల పల్లెలో ఒక్కరు కూడా శేషన్న చేలోకి అడుగు పెట్టలేదు. కొట్టిన చేతుల్తోనే వేరుశనగ బుడ్డలు పీక్కోమన్నారు. అదను దాటింది, నేల బిగిసింది, కాయ మట్టిలోనే ఉండిపోయింది. పక్క ఊళ్ల కూలీలను పిలిపిస్తే ఆడవాళ్లంతా పొలిమేరలో దారికి అడ్డంగా కూర్చున్నారు. ముందు విశ్వాసమ్మ, ఒళ్లో పసివాడు ఏసుబాబు. మరుసటి పంటకూ అంతే. చివరికొక ఆదివారం ఆరాధన జరుగుతుండగా శేషన్న చర్చికి వచ్చాడు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఏసేపు వద్దన్నాడు. ఈడ అందరూ నేలమీదనే కూసుంటారు అన్నాడు. శేషన్న చెప్పులు విడిచి, మగవాళ్ల వరసలో, నాపరాళ్ల మీద, ఏసేపు పక్కన కూర్చున్నాడు. తప్పు చేస్తినప్పా అని అందరూ వినేట్టు అన్నాడు. అంతవరకూ సామీ అని పిలిచిన విశ్వాసమ్మ ఆ ఆదివారం నుంచీ పేరు పెట్టి శేషన్నా అనే పిలుస్తోంది.

దేవుడు గుండె కరిగించినాడు అంటే ఇదీ.

సమ్మె! అది సమ్మె. పొలిమేరలో పికెటింగ్, రెండు పంటలు, దొర నేల మీద కూర్చోవడం. ఇలాంటిది మన జిల్లాల్లో జరిగిందా అని వ్యాసాల మీద వ్యాసాలు రాసినవాణ్ణి నేను. అది నా కార్డులోనే ఉండింది. దేవుడు అన్న మాట దగ్గరే ఫోన్ పట్టుకుని లేచిపోయాను, తర్వాత కట్ నొక్కాను. ఆమె విజయాన్ని కోసేసి, దెబ్బల్ని మాత్రం ఆమెకు మిగిల్చాను. రంగనాథ్ చేయి ఊపడా మరి? వాళ్లకు కొట్టడం పరువు. కూర్చోవడమే పరువు తక్కువ. అట్లాంటిది జరగనే లేదని ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారట. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్లలో చాలామంది పోయారు, కొందరు బెంగళూరులో తట్టలు మోస్తున్నారు. నా ఫిల్ము ఇలాగే బయటికొస్తే ఇక అదే చరిత్ర.

13 ఆగస్టు, బుధవారం

రికవరీ సాఫ్ట్‌వేర్లు అన్నీ అయ్యాయి. ఏమీ రాలేదు. విశ్వాసమ్మ మాటలున్న చోట ఇప్పుడు కర్నూలు మాస్టారు స్పుత్నిక్ గురించి దగ్గుతూ చెబుతున్నాడు.

మళ్లీ షూట్ చేద్దామని ఫోన్ చేశాను. ఏసుబాబు ఎత్తాడు. వద్దు సార్ అన్నాడు. తోట కౌలు ఈ నెలాఖరుకు ముగుస్తుంది. మీ అమ్మ సినిమాలో చెప్పినకాడికి చాలు, అంతకుమించి పలికితే తోట మర్చిపో అని రంగనాథ్ చెప్పి పంపాడట. నేను కౌలు రైతు హక్కుల గురించి చెప్పాను. చాలా చెప్పాను. అంతా విని, మీరు కడపకు పోతారు సార్, మేం ఈడనే బతకల్ల అన్నాడు.

ఇక ప్రదర్శన ఆపేయాలి.

17 ఆగస్టు, ఆదివారం

ప్రదర్శన ఆపేస్తానని చెప్పడానికే సున్నపుమెట్ట పోయాను. విశ్వాసమ్మ ఒప్పుకోలేదు. కాయితాలు పంచి ఊర్నంతా పిలిచింది నువ్వే, ఇప్పుడు ఆపేకి నువ్వెవరప్పా అంది. బొమ్మ ఆడనీ, నేను మాట్లాడేది అయిపోతానే నిలబెట్టు, తక్కింది నేను చూసుకుంటా అంది. తోట సంగతేమిటమ్మా అన్నాను. ఏసుబాబు లేచి బయటికి పోయాడు. వాడి వైపు చూస్తూనే, తోట వాళ్లది, నోరు నాది అంది.

ప్రేమజ్యోతి కెమెరా తీయబోతే వద్దంది. మీ సారు మల్లా కోసుకుంటాడు, కత్తెర ఊరుకోదు ఆయన చేతిలో అంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను.

22 ఆగస్టు, శుక్రవారం

చర్చి ముందు కుర్చీలు దించారట. ముందు వరసలో శేషన్నకు సోఫా.

23 ఆగస్టు, శనివారం, బనగానపల్లె బస్టాండు

బస్సు ఇంకా రాలేదు. ఇప్పుడే రాయాలి.

పొద్దు గుంకగానే మొదలుపెట్టాం. పల్లె అంతా వచ్చింది, ఊరి వైపు నుంచి కూడా వచ్చారు. సోఫాలో శేషన్న, తెల్ల పంచె, చేతికర్ర. పక్కన రంగనాథ్, ఫోన్లో వీడియో తీస్తూ. బెలూన్ ఎగిరింది, పిల్లలు ఈలలేశారు. విశ్వాసమ్మ తెరమీదికి వచ్చింది, దెబ్బల దాకా చెప్పింది. అక్కడ ఆపాను.

ఆమె జనంలోంచి లేచి తెర ముందుకు నడిచింది. వెనక తన ముఖమే, పెద్దగా, నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది. కొంగు తలమీదికి లాక్కుంది. దేవుడు శేషన్న గుండె కరిగించినాడు, ఎట్ల కరిగించినాడో వినండి అని మొదలుపెట్టింది. చేను బిగిసిపోవడం చెప్పింది. పొలిమేర చెప్పింది. ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు ఔ, ఔ అంటున్నారు. రంగనాథ్ వీడియో ఆపేశాడు. సినిమా అయిపోయింది, లేవండి లేవండి అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆదివారం దగ్గరికి రాగానే ఎవరికో సైగ చేశాడు.

కరెంటు పోయింది. తెర, దీపాలు, మైకు, అన్నీ.

ఆమె ఆపలేదు. మైకు లేకపోయినా ఆ గొంతు వెనక గోడదాకా వినిపించింది. కుర్చీ తేవడం, ఏసేపు వద్దనడం, అన్నీ వరసగా చెప్పింది. నేను అబద్ధం చెప్తాంటే చెప్పినానని చెప్పు శేషన్నా, నువ్వు ఈడనే ఉండావు, ఆ పొద్దు నువ్వు కూసుంటివా లేదా అని అడిగింది.

నాకు అరవాలనిపించింది. చెప్పవయ్యా అని గొంతుదాకా వచ్చింది. ప్రేమజ్యోతి నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఊరుకున్నాను.

తర్వాత ముందు వరసలో ఏదో కదలిక. రంగనాథ్ లే తాతా, లే అని కేకలు. లైట్లు వచ్చేసరికి ముసలాయన్ని ఇద్దరు రెక్కలు పట్టుకుని నడిపించుకుపోతున్నారు. చెప్పినాడని ముందున్నవాళ్లు. యాడ చెప్పినాడు, మూలిగినాడంతే అని వెనకున్నవాళ్లు. కొట్టుకునేదాకా పోయారు. నేను వెనక ప్రొజెక్టర్ దగ్గర ఉన్నాను. నాకు ఏమీ వినిపించలేదు.

విశ్వాసమ్మ మాత్రం ఆమెన్ చెప్పుకుని, కొంగు దించుకుని, ఇంటికి పోయి పడుకుంది.

26 ఆగస్టు, మంగళవారం

తోట వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఏసుబాబే ఫోన్ చేసి చెప్పాడు. బేతంచెర్లలో బండల పనికి పోతాడట. నేను మొదలుపెట్టేలోగా, ఉపన్యాసం వద్దు సార్, సినిమా ఎప్పుడు పెడతారో చెప్పండి అన్నాడు.

31 ఆగస్టు

ఆ సాయంత్రం ప్రేమజ్యోతి తన ఫోన్ రికార్డింగులో పెట్టి సోఫా వెనక ఉంచిందట. విశ్వాసమ్మనడిగే. వినేకైతే పెట్టుకో, చూసేకి మాత్రం వద్దు అందట.

బొమ్మ లేదు. ఫిల్ములో ఆ చోట నల్ల తెర పెట్టాను. దేవుడి దగ్గర్నుంచి ఆమెన్ దాకా ఎక్కడా కోయలేదు. మధ్యలో ఒక ముసలి గొంతు ఉంది, మెల్లగా, దగ్గరగా. కూసుంటి లేమ్మా, నేల సల్లగుండె అంటోంది.